బిడ్డ ఊపిరి లెక్క

పేకపోగు ఒకటి తప్పినను మన కంటికి వెంటనే తెలియును. మగ్గము ప్రక్కనే ఉయ్యాలలో దగ్గుచున్న బిడ్డ ఊపిరి తప్పుచున్న సంగతి మాత్రము ఆలస్యముగా తెలియుచున్నది. చలికాలములో మంగళవాడ వంటి మన ఊళ్లలో దగ్గు లేని ఇల్లుండదు గనుక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

దగ్గులన్నియు న్యుమోనియా కావు. బిడ్డ ఏడ్వక, పాలు త్రాగక నెమ్మదిగా నున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారము చూచుచు, నిండుగా ఒక నిమిషము ఊపిరులు లెక్కించవలెను. రెండు నెలలు నిండని బిడ్డకు 60, ఏడాది నిండనివారికి 50, అయిదేండ్లు నిండనివారికి 40, లేక అంతకు మించినచో ఊపిరి వేగముగా నున్నట్లే.

లెక్కరాని వారికెట్లు? తెలంగాణ సరిహద్దుననున్న మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పూసలును, నిమిషపు ఇసుక గడియారమును కలిపి ఒక సాధనము చేసిరి. పది ఊపిరులకొక పూస జరుపవలెను. ఇసుక రాలిపోకముందే ఎర్రపూస వరకు వచ్చినచో న్యుమోనియా అన్నమాట. 1988లో అక్కడ పల్లె కార్యకర్తలకు ఈ జబ్బును గుర్తించి మందిచ్చుట నేర్పగా పిల్లల మరణములు తగ్గినవి. కండెలు లెక్కించు మన ఆడవారికిది కష్టమా?

ఊపిరి వేగమైనను, గాలి పీల్చునప్పుడు డొక్కలు లోనికి పోవుచున్నను అది న్యుమోనియా. రెండు నెలలు దాటిన బిడ్డకు బరువునుబట్టి అమాక్సిసిలిన్ దినమునకు రెండుసార్లు, అయిదు దినములు ఇత్తురు. డాక్టరుగాని నర్సుగాని చూచి ఇవ్వవలసినదే; నిరుడు మిగిలిన సీసా పోయరాదు. దగ్గు తగ్గినదని నడుమ మానరాదు. రెండు మూడు దినములలో మరల చూపవలెను.

పాలు, నీళ్లు త్రాగలేకపోవుట, త్రాగినదెల్ల కక్కుట, మూర్ఛ, పిలిచినను కన్ను తెరవకపోవుట, నెమ్మదిగా నున్నను ఊపిరిలో గరగర ధ్వని: వీటిలో ఒక్కటి కనిపించినను జబ్బు తీవ్రము. రెండు నెలల లోపు బిడ్డకు వేగపు ఊపిరి ఒక్కటే చాలును. అప్పుడు కావలసినవి ప్రాణవాయువు, ఇంజెక్షనులు. 108కి ఫోను చేసి పావగడ తాలూకా ఆసుపత్రికి చేరవలెను. చీర దిగుటకు ఇంక రెండు మూరలే గదా యని సాయంత్రము వరకు ఆగుట, ఈలోగా బిడ్డకు వాతలు పెట్టించుట మనలో ఇంకను కలదు. ఇది మాకు మిక్కిలి బాధగా నున్నది.

న్యుమోకోకల్ టీకా 2021 నుండి దేశమంతట ఉచితముగా ఇచ్చుచున్నారు. 6 వారములకు, 14 వారములకు, 9 నెలలకు వేయించవలెను. పొయ్యి పొగ ఉయ్యాల వైపు రాకుండ చూచుకొనుడు.