లెక్కకు రాని రెండేండ్లు

మంగినపూడి సముద్రతీరము నుండి బందరుకు సుమారు 11 కిలోమీటర్లు. ఉదయమున ఆ దారిని పుస్తకముల సంచులతో పట్టణమునకు వచ్చు పిల్లలలో పదవ తరగతి దాటినవారు తాము కాలేజీకి పోవుచున్నామనియే చెప్పుదురు. మాట నిజమే. ఇంటర్మీడియట్ చెప్పు విద్యాలయమునకు జూనియర్ కళాశాల యనియే పేరు. కాని అచ్చట చదివిన రెండేండ్లును డిగ్రీకి తలుపు తీయునే గాని, డిగ్రీ లెక్కలో జమ కావు.

అమెరికాలో ఆ వయస్సు పిల్లలు ఇంకను హైస్కూలువారే. పేరు చిన్నదైనను వారికి గల సౌకర్యము పెద్దది. 1950ల నడుమ అచ్చట 'అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్' పరీక్షలు ఆరంభమైనవి. హైస్కూలులోనే కళాశాల స్థాయి పాఠములు చదివి, ఆ పరీక్షలో తగిన మార్కులు తెచ్చుకొన్నవారికి పెక్కు కళాశాలలు క్రెడిట్లు ఇచ్చును. వాషింగ్టన్ రాష్ట్రము 1990లో చేసిన చట్టమును బట్టి, పదునొకండు, పండ్రెండు తరగతులవారు ట్యూషను రుసుము లేకయే కమ్యూనిటీ కళాశాలలో చదువవచ్చును. అట్లు చదివినది హైస్కూలుకును చెల్లును, కళాశాలకును చెల్లును.

క్రెడిట్ అనగా అభ్యసించిన గంటలకు కట్టిన విలువ. మన దేశమున 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ విధానము ఏడాదికి 1200 గంటల అభ్యాసమును 40 క్రెడిట్లుగా లెక్కించి, పాఠశాల తరగతులను గూడ ఆ లెక్కలోనికి తెచ్చినది. అంతకు రెండేండ్ల ముందే, 2021లో, క్రెడిట్లను దాచుకొనుటకు ఒక బ్యాంకును గూడ ఏర్పరచిరి. బ్యాంకు తెరచినంతనే ఖాతాలో సొమ్ము చేరదు గదా!

చిత్రమేమనగా, ఈ రెండేండ్లు ఒకప్పుడు విశ్వవిద్యాలయపు సొత్తే. రాబర్ట్ నోబుల్ దొర 1843లో బందరున పెట్టిన బడి కాలక్రమమున నోబుల్ కళాశాల యైనది. ఆనాటి ఎఫ్.ఏ. గాని, తరువాతి ఇంటర్మీడియట్ గాని విశ్వవిద్యాలయము పరీక్షించి పట్టా ఇచ్చిన చదువులే. మొదట మద్రాసు, 1926 తరువాత ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆ పని నడపినవి. బి.ఏ. వరకు పోలేనివాడు సైతము "ఎఫ్.ఏ. చదివినవాడు" అనిపించుకొనెడివాడు. సగము చదువునకును ఒక పేరుండెను, ఆ పేరునకు కచేరీలలో ఒక కుర్చీయు ఉండెను. నడుమ కొంతకాలము పి.యు.సి. వచ్చి పోయినది. 1971 నాటి చట్టముతో ఇంటర్మీడియట్‌కు వేరు బోర్డు ఏర్పడి, ఆ చదువు విశ్వవిద్యాలయపు గడప దిగినది.

పూర్తిగా దిగని దారులును కొన్ని మిగిలినవి. బందరు-గుడివాడ రైలు మార్గమున గుడ్లవల్లేరు కలదు. పదవ తరగతి కాగానే అచ్చటి పాలిటెక్నిక్కులో చేరినవారు మూడేండ్లకు డిప్లొమా పొంది, ఈసెట్ వ్రాసి, ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. అనగా పదునేడు, పదునెనిమిదేండ్ల ప్రాయమున చదివిన దానిలో ఒక యేడు డిగ్రీకి జమ యైనట్లే. నూజివీడున 2008లో నెలకొన్న ట్రిపుల్ ఐటీ మరియొక దారి. గ్రామీణ విద్యార్థులను పదవ తరగతి నుండియే తీసికొని, రెండేండ్లు పి.యు.సి., నాలుగేండ్లు ఇంజనీరింగు చెప్పును. నడుమ మరల ప్రవేశపరీక్ష లేదు.

లెక్క వేసినచో ఇంజనీరు కావలెనన్న మూడు దారులకును ఆరేండ్లే. ఇంటర్మీడియట్ రెండు, ఇంజనీరింగు నాలుగు; డిప్లొమా మూడు, ఆపైన మూడు; నూజివీడున రెండును నాలుగును. కావున కాలము కలిసి వచ్చునని క్రెడిట్లను పొగడువారి మాట ఇచ్చట అంతగా చెల్లదు. తేడా కనబడునది చదువు మధ్యలో ఆగినప్పుడు. వలలు అమ్ముకొనవలసి వచ్చిన యింటిలోనో, కౌలు పంట మునిగిన యింటిలోనో ఆడపిల్ల చదువే ముందుగా ఆగును.

ఒకే బడిలో ఒకే బల్లపై కూర్చుండిన ఇద్దరు బాలికలను తలచుకొందము. గుడ్లవల్లేరు పోయిన పిల్ల మూడేండ్లకు ఆగినను ఆమె చేత డిప్లొమా యుండును. మంగినపూడి పొరుగుననే 2023లో కొత్త ఓడరేవు పనులు మొదలైనవి. అట్టిచోట ఉద్యోగమునకు ఆమె దరఖాస్తు వ్రాయగలదు. పదేండ్లకైనను ఆ డిప్లొమాతో మరల చదువునకు పోగలదు. బందరులో ఇంటర్మీడియట్ చదివి ఆగిన పిల్లయు గణితమున అవకలనము, సమాకలనము నేర్చినదే. ఆమె ఎన్నడైనను డిగ్రీలో చేరినచో, మొదటి సంవత్సరపు పుస్తకమున ఆ అధ్యాయములే మరల ఎదురగును. వానిని దాటి పోవుటకు ఆమె చేతనున్న మార్కుల జాబితా పనికిరాదు.