కాన్సరు చికిత్సలో రుచిమార్పులు – ఆహారము

సికిందరాబాదు రైలుస్టేషనులో దిగి, హైదరాబాదు రెడ్‌హిల్సులో 1955లో నెలకొన్న మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రికి పోవు గ్రామీణులు అనేకులు. వారు మందు ఎక్కించుకొని ఇంటికి వచ్చి, వైద్యుడు చెప్పిన గడువుకు మరల పోవుదురు. ఈ నడిమి దినములలో రోగిని నిలబెట్టునది వంటయిల్లే.

ఈ మందులు త్వరత్వరగా పెరుగు కణములను నశింపజేయును. నాలుకపై రుచి తెలుపు కణములును అట్టివే. అందుచేత కొందరికి అన్నము మట్టివలెను, మాంసము చేదుగను, మంచినీరు తుప్పువలెను తోచును. మెడకు కిరణచికిత్స పొందినవారికి లాలాజలము తగ్గి ముద్ద దిగదు. దీనిని రోగి పేచీ యనుకొనరాదు; వండిన ఇల్లాలిని తప్పుపట్టనురాదు. చికిత్స ముగిసిన కొన్ని వారములకో నెలలకో చాలమందికి రుచి తిరిగి వచ్చును.

మన పల్లెలలో పెద్దజబ్బు అనగానే పథ్యమందురు. పప్పు వాతమనియు, గుడ్డు వేడియనియు మాన్పించి చారుమెతుకులతో సరిపెట్టుదురు. ప్రేమతో చేయు పనియే యైనను, మాంసకృత్తులు కరవై రోగి చిక్కిపోవును. మరీ చిక్కినచో మందు మోతాదు తగ్గింపవలసియో, వాయిదా వేయవలసియో వచ్చును. వైద్యుడు వద్దన్న పదార్థము తప్ప మరేదియు మాన్పింపరాదని మేము గట్టిగా చెప్పుచున్నాము.

మాంసము చేదైనచో గుడ్డు, పప్పు, పెరుగు పెట్టవచ్చును. సికిందరాబాదు చేరువ తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి 100 గ్రాముల వేరుసెనగపప్పులో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు కలవు. దానిని వేయించి మెత్తగా నూరి రాగిజావలో కలిపిన సులువుగా దిగును. నోరు పూయనివారికి కొంచెము నిమ్మరసము రుచిని మేల్కొల్పును; పూసినవారికి పులుపు, కారము మంట పుట్టించును గాన చప్పని పెరుగన్నమే మేలు. లోహపు రుచి తోచువారికి స్టీలు కంచము మాని ఆకులో వడ్డించిన చాలును. చేతితో తినుట మనకు అలవాటే గదా! పోపు వాసన గిట్టనివారికి చల్లారిన పిదప వడ్డింపవలెను. మూడుపూటల పట్టు విడిచి, ఐదారు మార్లు కొద్దికొద్దిగా పెట్టవలెను. తినుటకు ముందు గ్లాసుడు గోరువెచ్చని నీటిలో పావుచెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు వేసి పుక్కిలింపజేయవలెను. త్రాగు నీరు కాచి చల్లార్చినదై యుండవలెను. గుడ్డు పూర్తిగా ఉడుకవలెను.

కాన్సరు అంటువ్యాధి కాదు. కంచము వేరుచేసి వాకిట పెట్టిన అన్నము ఎవరికి రుచించును? ఇట్టిచోట పంచాయతీ సభ్యులు ఆ ఇంటికి పోయి నాలుగుమాటలు చెప్పిన, ఆశా కార్యకర్త మాటకు బలము కలుగును. చికిత్సకై పోవు రోగికి రైలు స్లీపరు తరగతిలో టిక్కెట్టు ఉచితమనియు, తోడు పోవువారికి 75 శాతము రాయితీ కలదనియు, అందులకు ఆసుపత్రి ధ్రువపత్రము కావలెననియు తెలుపవలెను. పూటంతయు నీరుకూడ దిగకున్నను, జ్వరము తగిలినను, గడువు వరకు ఆగక ఆ దినముననే ఆసుపత్రికి పంపవలెను.