పెళ్ళి ఫొటోలో మన బిడ్డ రంగు



పెళ్ళి ఆల్బమ్ ఇంటికి వస్తుంది. చామనఛాయ గల మన అమ్మాయి అందులో సున్నం పూసినట్లు తెల్లగా ఉంటుంది. బుగ్గ మీది పుట్టుమచ్చ కనబడదు. "ఈ పిల్ల ఎవరే?" అని ముసలమ్మలు అడుగుతారు. ఇట్లా ఎందుకు జరుగుతుంది?

మన పెళ్ళిళ్ళలో వధువు తెల్ల చీర కట్టుకుంటుంది. కెమెరాలో వెలుగును కొలిచే మీటరు ఎదుట ఉన్నదంతా ఒక మోస్తరు బూడిద రంగనుకొని లెక్కకడుతుంది. ఫొటో నిండా తెల్ల చీరే ఉంటే, వెలుగు ఎక్కువైందనుకొని తగ్గించివేస్తుంది. చీర మాసినట్లవుతుంది, ముఖం మరింత నల్లబడుతుంది. ఆ లోటు కప్పబోయి స్టూడియోవారు ముఖానికి తెలుపు పట్టిస్తారు.

ముఖాన్ని దిద్దడం కొత్త విద్య కాదు. ఫిలిం రోజుల్లో నెగెటివ్ మీద సన్నని పెన్సిల్‌తో మచ్చలు, ముడతలు పూడ్చేవారు. 1990లో ఫొటోషాప్ వచ్చాక ఆ పని కంప్యూటర్ మీదికి మారింది. 2002లో దానిలో హీలింగ్ బ్రష్ చేరింది. ఇది పక్క చర్మపు నునుపు, గరుకులను తెచ్చి, మచ్చ ఉన్నచోటి రంగులో కలిసిపోయేట్లు అతుకుతుంది. ఇప్పుడు సెల్‌ఫోను కూడా క్షణంలో ముఖాన్ని తెల్లగా మార్చగలదు.

ఫొటోగ్రాఫర్ సోదరులారా, మొదట రా ఫైలులో ఫొటో తీయండి. జేపెగ్ ఫైలులో ఒక్కొక్క మూలరంగుకు 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. అందుచేత నల్లబడిన ముఖానికి వెలుగు పెంచినా చర్మపు సహజత్వం అంతగా చెడదు. తరువాత వైట్ బ్యాలెన్స్ సరిచేసి, ట్యూబులైట్లు, బల్బులు ముఖం మీద వేసిన రంగును తీసివేయండి. ఆ పిమ్మట చీరను ముట్టకుండా, ముఖాన్ని మాత్రమే మాస్క్‌తో ఎంచుకొని కొద్దికొద్దిగా వెలుగు పెంచండి. చర్మమంతా బ్లర్ చేస్తే ముఖం మైనపు బొమ్మలా కనబడుతుంది.

ఏది తీయాలి, ఏది ఉంచాలి? నాలుగు రోజుల్లో పోయే మొటిమ, దోమకాటు, చెమట మెరుపు తీయవచ్చు. పుట్టుమచ్చ, చిన్ననాటి గాయపు గుర్తు, తాతగారి ముడతలు, మేనిఛాయ మాత్రం వారివిగానే ఉండనివ్వండి.

తల్లిదండ్రులారా, సంబంధాల కోసం పంపే ఫొటో విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తెల్లబరచిన ఫొటో చూసి వచ్చినవారు, గడపలో పిల్లను చూసి మొహం చిట్లిస్తే ఆ అవమానం మోసేది మన బిడ్డే. "నా రంగే తప్పు" అని ఆమె మనసులో నాటుకుంటుంది. ఆ మాట మొదట చెప్పింది మనం పంపిన ఫొటోయే కదా!

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే రోజునే ఫొటోగ్రాఫర్‌తో స్పష్టంగా చెప్పండి: "వెలుగు సరిచేయండి, రంగు మార్చవద్దు." ఆల్బమ్ ప్రింటుకు పోకముందే రెండు మూడు ఫొటోలు తెప్పించుకొని, పగటి వెలుగులో అమ్మాయి ముఖం పక్కన పెట్టి చూడండి. దిద్దని ఫైళ్ళు కూడా అడిగి తీసుకొని భద్రపరచండి.