మీ పేరున ఉన్న లెక్క మీరెప్పుడైనా చూశారా?

పాల పుస్తకంలో రెండు ప్యాకెట్లు ఎక్కువ రాస్తే ఇట్టే పట్టేస్తాం. గ్యాసు బండ ఏ తేదీన మార్చామో క్యాలెండరు మీద రాసుకుంటాం. చీటీలో ఈ నెల ఎంత కట్టాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. అదే ఆదాయపు పన్ను అనేసరికి మాత్రం ‘అవన్నీ మావారు చూసుకుంటారండీ’ అనేస్తాం! డిపాజిట్ మన పేరు మీదే, పాన్ కార్డూ మన పేరు మీదే. కాగితాలు ఎక్కడున్నాయో మాత్రం మనకు తెలియదు.

మన పాన్ నంబరు కింద పన్నుల శాఖ దగ్గర ఒక లెక్క ఉంటుంది. ఎవరెంత పన్ను కోశారో చూపే పట్టికను ఏళ్లుగా 26ఏఎస్ అంటున్నారు. 2021 నవంబరులో దానికి తోడుగా ఏఐఎస్ వచ్చింది. అందులో వడ్డీ, డివిడెండు, షేర్లు, స్థలం అమ్మకం... అన్నీ ఉంటాయి. 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది కాబట్టి ఫారాల నంబర్లు పట్టుకుని కంగారు పడకండి, పని చూడండి. ఇక్కడ గమనించాల్సింది ఒకటే. ఆ లెక్క రాసింది మనం కాదు. బ్యాంకు గుమాస్తా, ఆఫీసు అకౌంటెంటు, రిజిస్ట్రేషన్ ఆఫీసు తలా ఒక ముక్కా రాస్తే తయారైంది. అందులో ఒకే వడ్డీ రెండుసార్లు పడొచ్చు. అక్కచెల్లెళ్ల జాయింటు ఖాతా వడ్డీ అంతా మొదటి పేరున్న అక్క మీదే పడొచ్చు. పాన్‌లో ఒక్క అక్షరం తప్పు కొడితే మన పన్ను ఇంకొకరి ఖాతాకి పోవచ్చు.

మా ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్పే ఆవిడకు 2022లో జరిగింది చూడండి. నెలనెలా జీతంలోంచి టీడీఎస్ కోశారు. జూలైలో రిటర్ను వేయటానికి వెళ్తే ఆడిటరు గారు కంప్యూటరు చూసి, ‘అమ్మా, చివరి ఆర్నెల్ల పన్ను ఇందులో లేదే’ అన్నారట. కాలేజీ వాళ్లు కోసుకున్నారు గానీ ప్రభుత్వానికి కట్టలేదు! ఉన్నదున్నట్టు రిటర్ను వేస్తే, కొన్నాళ్లకు వడ్డీతో సహా పన్ను కట్టమని నోటీసు వచ్చింది. ‘పోన్లే, కట్టేసి ఊరుకో’ అన్నారు ఇంట్లో. ఆవిడ ఊరుకోలేదు. పన్నెండు పే స్లిప్పులూ చీర అట్టపెట్టెలో వరసగా పెట్టుకుని ఉంది. వాటిలో కోత ఉంది, కోత పోగా ఖాతాలో పడ్డ జీతం పాసుబుక్కులో ఉంది. రెండూ జతచేసి, ఈ బాకీ నేను ఒప్పుకోనని పోర్టల్లోనే జవాబిచ్చింది. కాలేజీకి రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం రాసింది. ఏడాది పట్టింది కానీ వాళ్లు కట్టక తప్పలేదు.

ఆవిడది మొండితనం కాదు, చట్టమే ఆవిడ పక్షాన ఉంది. జీతంలోంచి కోసేశాక ఆ మేరకు పన్ను మళ్లీ మననే కట్టమనకూడదని 1961 చట్టంలోని 205వ సెక్షన్ చెప్పింది. అలాంటి బాకీ కోసం ఉద్యోగిని బలవంతపెట్టొద్దని 2015 జూన్ 1న ప్రత్యక్ష పన్నుల బోర్డు కూడా తన అధికారులకు రాసింది. అంతకు ముందే, పన్ను కోసినవాళ్ల తప్పులకు మామూలు జనం తిరగాల్సి వస్తోందని ఒక ఆడిటరు రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకుని, 2013 మార్చి 14న ఢిల్లీ హైకోర్టు శాఖకు గట్టి ఆదేశాలిచ్చింది. అయితే కోత పడిందని చూపించాల్సింది మాత్రం మనమే. చూపించటానికి కాగితం లేకపోతే ఏ సెక్షన్ ఏం చేస్తుంది చెప్పండి?

ఉద్యోగం లేని ఇల్లాళ్లకు ఇంకో చిక్కు. ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే 10 శాతం కోస్తారు. 2025 ఏప్రిల్ నుంచి పెంచిన పరిమితి ఇది, అరవై నిండినవారికి లక్ష. పన్ను పడేంత ఆదాయం లేదని ముందే డిక్లరేషన్ ఇస్తే కోయరు. ఇన్నాళ్లూ 15జి, 15హెచ్ అన్నది దాన్నే. ఏటా కొత్తగా ఇవ్వాలి, ఇచ్చినట్టు రసీదు తీసుకోవాలి. కౌంటరులో ఇచ్చిన కాగితం సొరుగులోనే ఉండిపోవటం మనకు కొత్తా? కోశాక తిరిగి రావాలంటే రిటర్ను వేయాల్సిందే. ‘నాకు ఆదాయమే లేదు, రిటర్నెందుకు’ అనుకుని అయిదారు వేలు వదిలేసుకున్నవాళ్లు ఎంతమందో!

ఇక ఇంటిపేరు సంగతి. పెళ్లయ్యాక కొత్త ఇంటిపేరుతో రెండో పాన్ తీసుకున్నవాళ్లు నాకు తెలుసు. అలా తీసుకోకూడదు. పేరు మార్పించుకోవచ్చు గానీ నంబరు జీవితాంతం ఒకటే. అందులో అయిదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం. అత్తవారింట ఏ పేరుతో పిలిచినా పుట్టింటి అక్షరం అలాగే ఉంటుంది, నాకైతే అది బావుంటుంది! ఆధార్‌లో ఒక పేరు, పాన్‌లో పొడి అక్షరాలు ఉండి రెండూ కలవకపోతే మాత్రం ఇబ్బందే. 2023 జూన్ 30 గడువు దాటాక ఆధార్‌తో జతకాని పాన్‌లు పనిచేయకుండా పోయాయి, వాటి మీద 20 శాతం కోత పడింది.

దాచటం పెద్ద పనేం కాదు. ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఒక అట్ట ఫైలు, అంతే. పే స్లిప్పులు, డిపాజిట్ రసీదులు, బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్, డిక్లరేషన్ రసీదు, రిటర్ను వేసినట్టు వచ్చిన కాగితం అందులో వేయండి. నిగనిగలాడే రసీదుల మీద అక్షరాలు ఏడాదికే చెరిగిపోతాయి, జిరాక్సు తీయించండి. ఏడెనిమిదేళ్లు ఉంచితే మంచిది. స్థలం కాగితాలు, బంగారం బిల్లులు మాత్రం అమ్మేదాకా ఉండాలి. జూన్ రెండో సగంలో ఆ ఫైలూ ఏఐఎస్సూ పక్కపక్కన పెట్టి చూడండి. తప్పు కనిపిస్తే ఆ వివరం ఎదురుగానే ‘ఇది నాది కాదు’, ‘రెండుసార్లు పడింది’ అని చెప్పే వీలుంది. టీడీఎస్సే తప్పయితే కోసినవాళ్లు సవరించిన లెక్క పంపితేనే సరవుతుంది. వాళ్లకు రాతపూర్వకంగా అడగండి.

ఇంకొకటి. చాలామంది ఆడవాళ్ల పన్ను ఖాతాలో ఉన్న ఫోన్ నంబరు ఆడిటరుదో, మరిదిగారిదో అయివుంటుంది. నోటీసు వచ్చినట్టు కబురు అక్కడికే వెళ్తుంది, జవాబిచ్చే గడువు మనకు తెలియకుండానే అయిపోతుంది. మీ ఖాతాలో ఎవరి నంబరుందో ఈ సాయంత్రమే కనుక్కోండి.