పెరటి చేపల కుంట పచ్చబడిందా? గ్యాడ్జెట్ కొనేముందు ఈ లెక్క చూడండి

హైదరాబాద్–వరంగల్ హైవే మీదున్న రఘునాథపల్లి లాంటి ఊళ్లో, బోరు ఉన్న ఇంటి పెరట్లో చిన్న చేపల కుంట పెట్టుకోవడం పెద్ద కష్టమేం కాదు. గుంత తవ్వి, టార్పాలిన్ పరిచి, నీళ్లు నింపి, బొచ్చె, రవ్వ పిల్లల్ని వదిలితే కుంట రెడీ. అసలు తలనొప్పి ఎండాకాలంలో మొదలవుతుంది. నీళ్లు చిక్కటి ఆకుపచ్చగా మారిపోతాయి. అప్పుడు సిటీలో జాబ్ చేసే కొడుకో కూతురో ఫోన్ తీసి నాచు పోగొట్టే మెషీన్ కోసం వెతుకుతారు. యూవీ లైట్, టీడీఎస్ పెన్, స్మార్ట్ సెన్సర్ కిట్... రిజల్ట్స్‌కు కొదవే లేదు. వీటిలో నిజంగా పనికొచ్చేవి ఏవో చూద్దాం.

అసలు సమస్య మేతలో ఉంది

కెనడాలోని ఒంటారియోలో 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం ఒక ఏ/బీ టెస్ట్ లాంటిది చేసింది. 226 నంబరు సరస్సును మధ్యలో తెరతో రెండుగా విడదీశారు. ఒక సగంలో కార్బన్, నైట్రోజన్ కలిపారు. రెండో సగంలో వాటితో పాటు ఫాస్ఫరస్ కూడా కలిపారు. ఫాస్ఫరస్ పడిన సగమే పచ్చగా మారింది. అంటే నాచు పైకి కనిపించే లక్షణం మాత్రమే, కారణం నీళ్లలోకి చేరే పోషకాలు.

మన కుంటలోకి అవి ఎక్కువగా వచ్చేది మేత నుంచే. సింపుల్ లెక్క చూడండి. 32% ప్రోటీన్ ఉన్న కిలో మేతలో సుమారు 51 గ్రాముల నైట్రోజన్ ఉంటుంది. చేప ఒంటికి పట్టేది అందులో మూడో వంతు లోపే. మిగిలిన 35 గ్రాములు నీళ్లపాలు. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, మీటరు లోతు కుంటలో 12,000 లీటర్లు పడతాయి. అంటే ఒక్క కిలో మేతతో లీటరుకు దాదాపు 3 మిల్లీగ్రాముల నైట్రోజన్ చేరినట్టే. ఫాస్ఫరస్ సంగతీ ఇంతే.

పచ్చగా ఉంటే ఏమవుతుంది?

లేత పచ్చ రంగు మంచిదే. చేపల సహజ ఆహారం అక్కడే మొదలవుతుంది. చిక్కబడితేనే ప్రమాదం. నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి తనే వాడుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ అట్టడుగుకు పడిపోయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. ఇంకొంచెం పడితే పొద్దునకల్లా తేలిపోతాయి.

మధ్యాహ్నం ఇంకో గండం. నాచు కార్బన్ డయాక్సైడ్ లాగేసుకోవడంతో పీహెచ్ 9 దాకా వెళ్లొచ్చు. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7లో అమ్మోనియాలో విషపూరిత భాగం 1% కూడా ఉండదు. అదే పీహెచ్ 9లో మూడో వంతు దాటుతుంది.

గ్యాడ్జెట్ల సంగతి

టీడీఎస్ పెన్: వద్దు. ఇది నీటి విద్యుత్ వాహకతను కొలిచి అంకె చూపిస్తుంది. నైట్రేట్ ఎంతో, ఫాస్ఫేట్ ఎంతో చెప్పదు. బోరు నీళ్లు కఠినమైనవైతే శుభ్రంగా ఉన్నా రీడింగ్ ఎక్కువే వస్తుంది.

యూవీ క్లారిఫయర్: సగం మార్కులు. దీని గుండా పోయే నీళ్లలో తేలే నాచును చంపుతుంది. టార్పాలిన్‌కు పట్టిన పాచిని ముట్టుకోదు. చచ్చిన నాచు కుళ్లితే పోషకాలు మళ్లీ నీళ్లలోకే వస్తాయి. ఫిల్టర్‌లో పట్టి, కడిగి బయట పారబోస్తేనే లాభం.

పీహెచ్ పెన్, అమ్మోనియా టెస్ట్ కిట్: కొనండి. ఉదయం ఒకసారి, సాయంత్రం 4 గంటలకు ఒకసారి చూడాలి. రెండింటి మధ్య తేడా పెరుగుతోందంటే నాచు ఎక్కువైనట్టే. పెన్‌ను బఫర్ ద్రావణంతో క్యాలిబ్రేట్ చేయడం మర్చిపోవద్దు.

ఈఎస్‌పీ32 ప్రాజెక్ట్: సరదాకు ఓకే. డీఎస్18బీ20తో టెంపరేచర్ బాగానే వస్తుంది. కానీ చవక పీహెచ్ ప్రోబ్‌ను రోజుల తరబడి నీళ్లలో ఉంచితే పాచి పట్టి రీడింగ్ తప్పుతుంది. హైదరాబాద్‌లో కూర్చుని దాన్ని నమ్మలేం.

ఎయిర్ పంప్, టైమర్, బ్యాటరీ బ్యాకప్: ఫస్ట్ ఇదే కొనాలి. అర్ధరాత్రి నుంచి పొద్దు పొడిచేదాకా నడవాలి. కరెంటు పోయినా ఆగకూడదు. చేపల్ని బతికించేది ఇదే.

బెస్ట్ మీటర్ పాత పళ్లెం

1865లో ఇటలీకి చెందిన ఏంజెలో సెక్కి నీటి స్పష్టతను కొలవడానికి తెల్లటి బిళ్లలను వాడాడు. ఇప్పటికీ శాస్త్రవేత్తలు వాడే సెక్కి డిస్క్ అదే. 20 సెంటీమీటర్ల పాత స్టీలు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి, నలుపు తెలుపు పెయింట్ వేసి, గుర్తులు పెట్టిన తాడుతో దించండి. 30–40 సెంటీమీటర్ల దగ్గర కనిపించకుండా పోతే బాగున్నట్టు. 20 కంటే ముందే మాయమైతే ఇంటికి ఫోన్ చేసి “నాయినా, ఇయ్యాల మేత వెయ్యకు” అని చెప్పాల్సిందే. బురద నీళ్లలో మాత్రం ఈ లెక్క పనిచేయదు.

అసలు ట్రీట్‌మెంట్

15–20 నిమిషాల్లో చేపలు తినేంతే మేత వేయండి. మబ్బు పట్టిన రోజు తగ్గించండి. అడుగు నీళ్లను విడతకు 15–20% తోడి జామ, నిమ్మ చెట్లకు, కూరగాయల మడులకు పెట్టండి. సగం కుంటకు షేడ్ నెట్ కట్టండి. గుర్రపుడెక్క పోషకాల్ని లాగుతుంది కానీ ఎప్పటికప్పుడు తీసేస్తేనే. ఊరి చెరువులోకి మాత్రం వదలొద్దు. మైలుతుత్తం జోలికి పోకండి. నాచంతా ఒకేసారి చచ్చి కుళ్లితే ఉన్న ఆక్సిజన్ కూడా పోతుంది.

ఇది మన దగ్గర కొత్త ఐడియా కాదు. 2015లో మిషన్ కాకతీయ పనుల్లో చెరువుల పూడిక తీసి పొలాలకు తోలారు కదా. చెరువుకు భారమైన పోషకం చేనుకు ఎరువైంది. పెరటి కుంటకూ ఇదే సూత్రం.

మా మాట: బడ్జెట్ తక్కువైతే పళ్లెం, ఎయిర్ పంప్, బ్యాకప్ చాలు. ఇంకా మిగిలితే పీహెచ్ పెన్, అమ్మోనియా కిట్. యూవీ లైట్ సంగతి మేత తగ్గించి నెల రోజులు చూశాకే ఆలోచించండి. చాలామందికి అప్పటికి దాని అవసరమే ఉండకపోవచ్చు.