మన నేలకు పుట్టుకతో వచ్చిన లోహములు

మట్టి పరీక్ష కాగితము చేతికి రాగానే అందలి అంకెలు చూచి కొందరు నేల పాడైనదని దిగులుపడుదురు. మరికొందరు వెంటనే మందుల దుకాణమునకు పోవుదురు. ఈ రెండింటికంటె ముందు తెలిసికొనవలసిన సంగతి ఒకటి కలదు. జింకు, రాగి, మాంగనీసు, క్రోమియము, నికెలు, సీసము వంటి లోహములు ఎవరును తెచ్చి వేయకయే ప్రతి నేలలోను కొద్దికొద్దిగా ఉండును. ఈ పరిమాణమునే సహజస్థాయి అందురు.

ఈ లోహములు రాతినుండి వచ్చినవి. రాయి వేల ఏండ్లు ఎండకు వానకు చివికి మట్టి అగును. కనుక రాయి ఎట్టిదో మట్టియు అట్టిది. పూర్వపు కృష్ణా జిల్లాలోనుండి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన మన మెట్ట ప్రాంతమునే చూడుడు. జగ్గయ్యపేట వైపు సున్నపురాతి పొరలు గలవు. సిమెంటు కర్మాగారములు అచట వెలయుటకు అవియే కారణము. ఆ చుట్టుపట్లనే ఇనుప ఖనిజముగల రాళ్ళును ఉన్నవి. నందిగామకు ఆగ్నేయముగా కొండపల్లి కొండలలో క్రోమియమునిచ్చు క్రోమైటు ఖనిజము కలదు. బంకమన్ను హెచ్చుగాగల నల్లరేగడి లోహములను పట్టి ఉంచును. ఇసుకపాలు హెచ్చైన ఎర్రనేలలో అవి సాధారణముగా తక్కువ. అందుచేత అన్ని గ్రామముల నేలలను ఒకే అంకెతో తూచరాదు.

నేలలో ఉన్నదంతయు పైరుకు అందదు. ఎకరములో ఆరంగుళముల మందపు మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగును. పది లక్షల పాళ్ళకు 50 పాళ్ళ జింకు ఉన్నచో మొత్తము 45 కిలోలగును. అందులో పైరు తీసికొనగల జింకు 0.6 పాలు, అనగా ఎకరమునకు సుమారు అరకిలో, కంటె తగ్గినచో లోపముగా లెక్కింతురు. సున్నము హెచ్చైన నేలలో జింకు, ఇనుము బిగిసిపోయి పైరుకు దక్కవు. వరి ఆకులపై తుప్పురంగు మచ్చలు వేయు ఖైరా తెగులు జింకు లోపమువలన కలుగునని 1966లో పంతనగర్‌లో వై. ఎల్. నెనె తెలిపెను.

2015లో ఆరంభమైన భూసార పత్రములో జింకు, ఇనుము, రాగి, మాంగనీసు అంకెలు పైరుకు అందు భాగమును మాత్రమే చూపును. సీసము, కాడ్మియము, క్రోమియము అందుండవు. వానిని ప్రత్యేకముగా పరీక్ష చేయింపవలెను.

బయటినుండి లోహము చేరినదను అనుమానము కలిగినచో ఇట్లు చేయుడు:

1. పొలములో 8, 10 చోట్ల ఆరంగుళముల లోతువరకు మట్టి తీసి, కలిపి, అరకిలో ఉంచుకొనుడు.

2. అదే పొలములో మూడడుగుల లోతునుండి వేరొక నమూనా తీయుడు.

3. అదే రకపు నేలగల, ఎన్నడును దున్నని బీడునుండి మూడవది తీయుడు.

4. జింకుపూత బొక్కెనలను, ఎరువు సంచులను వాడకుడు. చెక్క పుల్ల, శుభ్రమైన గుడ్డసంచి మేలు.

పైమట్టిలో సీసము, కాడ్మియము మిగిలిన రెండు నమూనాలకంటె స్పష్టముగా హెచ్చినచో రోడ్డు దుమ్ము, కర్మాగారపు వ్యర్థము, పట్టణపు చెత్త ఎరువులను అనుమానింపవచ్చును. కొన్ని భాస్వరపు ఎరువులలోను కాడ్మియము స్వల్పముగా ఉండును. క్రోమియము, నికెలు మూడు నమూనాలలోను ఇనుముతోపాటు హెచ్చినచో అది చాలవరకు రాతి గుణము.

గ్రామాధికారులు బీడు నమూనాల అంకెలను సర్వే నంబరుతో వ్రాసి భద్రపరచవలెను. రేపు ఎవరైన తన పొలము చెడినదని మొర పెట్టుకొన్నప్పుడు, ఆ మాట నిజమో కాదో తేల్చుటకు ఆ అంకెలే ఆధారము.