ఏ రోజుది ఆ రోజే రాసి పెట్టుకుందాం

కృష్ణా డెల్టాలో మన లెక్క మనం రాసుకున్నది తక్కువ. 1984లో కరణీకం రద్దయ్యేదాకా ఊరి లెక్కలు కరణం చేతిలోనే ఉండేవి. అడంగల్లో భూమి ఎవరిదో, ఏ పంట వేశారో ఉంటుంది. నాట్లు వేసిందెవరు, కూలి ఎంత ముట్టింది, ఎంత ఎగ్గొట్టారు అన్నది ఉండదు. మన అప్పు మాత్రం ఆసామి పుస్తకంలో భద్రంగా ఉంటుంది. అందుకే రోజూ రాసుకోవడం మనకు కాలక్షేపం కాదు, మన వైపు లెక్క.

కోర్టు మనల్ని ఏమడుగుతుందో చుండూరు కేసు చెబుతుంది. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గరి ఈ ఊళ్లో అగ్రకులాలవాళ్లు 8 మంది దళితుల్ని చంపారు. 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఎవరు, ఎక్కడ, ఏ టైముకు చంపారో ప్రాసిక్యూషన్ రుజువు చెయ్యలేదంది. ప్రాణభయంతో పొలాలకడ్డంపడి పరిగెత్తేవాడు గడియారం చూస్తాడా? సాక్ష్యం కూర్చాల్సింది పోలీసులు, బాధితులు కాదు. నోటుబుక్కు ఉంటే తీర్పు మారేదనీ అనలేం. కానీ టైము, చోటు, పేరు అడుగుతారని మనం మరవకూడదు.

జ్ఞాపకం తాజాగా ఉండగా సాక్షి స్వయంగా రాసుకున్న కాగితాన్ని కోర్టులో చూసి గుర్తు తెచ్చుకోవచ్చని 1872 సాక్ష్య చట్టం 159వ సెక్షన్ చెప్పింది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ వీలుంది. అయితే ఎదుటి వకీలు కూడా ఆ కాగితం చూసి ప్రశ్నిస్తాడు. కాబట్టి ఉన్నదే రాయాలి.

ఎలా రాయాలి? కుట్టిన నోటుబుక్కు తీసుకోండి. తేదీ, టైము, చోటు, దగ్గరున్నవాళ్ల పేర్లు రాయండి. కులం పేరుతో తిడితే ఆ మాట అన్నది అన్నట్టే రాయండి, మర్యాద చెయ్యొద్దు. చూసింది వేరు, విన్నది వేరు. తప్పుపడితే ఒక్క గీత కొట్టండి, కాగితం చించొద్దు. చదువురాని అమ్మ చెబుతుంటే బిడ్డ రాయొచ్చు, “అమ్మ చెప్పగా రాశాను” అని కింద పెట్టాలి.

దెబ్బలు తిన్న రోజులే రాస్తే చాలదు. నాట్ల కూలి, మినుము తీత, విజయవాడ వీధులూడ్చే అక్క దిగిన డ్యూటీ టైము, హాస్టల్లో పెట్టిన అన్నం, పిల్ల టెన్త్ పాసైన రోజు, అన్నీ రాయాలి. రోజూ రాసే పుస్తకంలోని మాటకే బలం ఎక్కువ. ఈ రాత్రే మొదలుపెట్టండి.